కొత్త కేసుల లెక్క, వ్యాధి లెక్క: కృష్ణా డెల్టా నుండి ఒక పరిశీలన

కుష్ఠువ్యాధిపై వెలువడే పరిశోధన వ్యాసాలలో ‘కొత్త కేసుల గుర్తింపు రేటు’ను ‘సంభవ రేటు’గా చదవడం పరిపాటి అయింది. మొదటిది ఒక ఏడాదిలో ఆరోగ్య సిబ్బంది కంటబడినవారి లెక్క. రెండవది ఆ ఏడాదిలో నిజంగా వ్యాధి మొదలైనవారి లెక్క. క్రిమి శరీరంలో చేరాక లక్షణాలు కనబడడానికి సగటున ఐదేళ్లు, ఒక్కొక్కప్పుడు ఇరవై ఏళ్లు పడుతుంది. మచ్చ నొప్పి పెట్టదు, దురద పెట్టదు. కనుక రోగి చెప్పే ప్రారంభకాలం జ్ఞాపకమే గాని కొలత కాదు.

ఈ తేడాను విస్మరిస్తే ఏమవుతుందో జాతీయ గణాంకాలే చెబుతాయి. 2001లో దేశంలో సుమారు 6.18 లక్షల కొత్త కేసులు నమోదు కాగా, 2005లో సుమారు 1.70 లక్షలు నమోదయ్యాయి. ఇంత దీర్ఘమైన పొదుగుకాలం గల వ్యాధి, ప్రసారం ఒక్కసారిగా ఆగిపోయినా, నాలుగేళ్లలో ఇంతగా తగ్గదు. తగ్గినదానిలో పెద్ద భాగం వెతుకులాటే. ఇంటింటి సర్వేలు సన్నగిల్లాయి, ప్రత్యేక సేవలు సాధారణ ఆరోగ్య వ్యవస్థలో కలిశాయి. 2005 డిసెంబరు నాటికి సాధించినట్లు ప్రకటించిన ‘నిర్మూలన’కు ఆధారం 10,000 మందికి ఒక కేసు కంటె తక్కువ ఉండడం. అది చికిత్సలో ఉన్నవారి లెక్క. బహుళ ఔషధ చికిత్స గడువును 24 నెలల నుండి 12 నెలలకు కుదించినప్పుడే ఆ లెక్క దానంతట అదే దిగివచ్చింది, ఒక్కరికైనా వ్యాధి సోకడం ఆగకుండానే! 2016లో ఇంటింటి గాలింపు తిరిగి మొదలయ్యాక కొత్త కేసులు 1.27 లక్షల నుండి 1.35 లక్షలకు పెరిగాయి. దీనిని వ్యాధి విజృంభణగా చదవడమూ పొరపాటే.

చల్లపల్లి వంటి మండలానికి వస్తే చిక్కు మరింత ముదురుతుంది. 50,000 జనాభాలో ఒక్క కేసు హెచ్చుతగ్గయితే రేటు లక్షకు రెండు చొప్పున మారుతుంది. హారం సంగతి చెప్పనక్కరలేదు. చివరి జనగణన 2011 నాటిది. 2022 ఏప్రిల్‌లో జిల్లా విడిపోయి విజయవాడ ఎన్టీఆర్ జిల్లాలోకి, నూజివీడు, కైకలూరు ఏలూరు జిల్లాలోకి వెళ్లాయి. పాత కృష్ణా జిల్లా రేటు పక్కన కొత్త జిల్లా రేటు పెట్టి ‘ధోరణి’ గీసే గ్రాఫుకు అర్థం లేదు. మండలాలవారీగా వెనక్కి వెళ్లి హారాన్ని తిరిగి కట్టాలి. చల్లపల్లి రోగి విజయవాడలో చికిత్సకు నమోదైతే లవం ఒక జిల్లాలో, హారం మరొక జిల్లాలో పడతాయి. నాగాయలంక వైపు వేటకు వెళ్లిన మగవారు సర్వే బృందానికి దొరకరు. పరాయివారి ముందు వీపు చూపడానికి స్త్రీలు జంకుతారు. ఇవేవీ పట్టికలకు ఎక్కవు.

సంభవ రేటును అంచనా వేయలేమని కాదు. పిల్లల కేసుల నిష్పత్తి ఇటీవలి ప్రసారానికి సూచిక. గుర్తించేనాటికే కంటికి కనబడే వైకల్యం ఉన్నవారి నిష్పత్తి ఆలస్యానికి సూచిక. నాట్లు వేసే స్త్రీ వేళ్లు వంగిపోయాక నమోదైతే ఆమె ఈ ఏటి కేసు కాదు, కొన్నేళ్ల క్రితం తప్పిపోయిన కేసు. కేసులను అలా వెనుకటి సంవత్సరాలకు పంచి, ఐదేళ్లు కలిపి, ఒకే అంకెకు బదులు కనిష్ఠ గరిష్ఠాలను ఇవ్వాలి. ఎందరిని పరీక్షించారన్న గడి లేని పట్టికను సంభవ రేటు పేరుతో ప్రచురణకు అంగీకరించకూడదు. ఆ అంకె తగ్గిందని చూసే సిబ్బందిని తగ్గిస్తున్నారు, సిబ్బంది తగ్గడం వల్లనే అది మళ్లీ తగ్గుతోంది.