సీత పేరుతో నూర్జహాన్

హను రాఘవపూడి తీసిన 'సీతారామం' 2022 ఆగస్టులో వచ్చింది. అందరితోపాటు మేమూ చూశాం. అందరిలాగే ఏడ్చాం. ఈ మాట ముందే ఎందుకు చెబుతున్నామంటే, మేం నోరు విప్పితే చాలు 'వీళ్ళకి అన్నిట్లోనూ మతమే కనబడుతుంది' అనేవాళ్ళు ఉన్నారు గనక.

కథ తెలిసిందే. 1960లలో కాశ్మీర్ సరిహద్దులో లెఫ్టినెంట్ రామ్. అనాథ. రేడియోలో అతని గురించి విన్న జనం ఉత్తరాలు రాస్తారు. వాటిలో ఒకటి భార్యనంటూ సీతామహాలక్ష్మి రాసింది. ఆ సీత నిజానికి హైదరాబాద్ నవాబుల ఆడపడుచు నూర్జహాన్. యుద్ధం మింగేసిన ఆ ప్రేమ, రామ్ పాకిస్తాన్ జైల్లో రాసిన ఉత్తరంగా మిగిలింది. 1985లో దాన్ని తెచ్చిన అఫ్రీన్ ఊరంతా వెతికినా సీతామహాలక్ష్మి దొరకదు. ఆ పేరుగల మనిషి ఉంటే కదా!

మా పేచీ ఇక్కడే. నూర్జహాన్ దాచింది తన రాచరికాన్నేనని సినిమా నమ్మిస్తుంది. దాచాల్సింది సంపదే అయితే, పేదింటి రజియాననో ఫాతిమాననో చెప్పొచ్చుగా? సీతే ఎందుకు కావాల్సివచ్చింది? సగం కథయ్యాక అసలు పేరు బయటపడితే హాలంతా ఉలిక్కిపడింది. మా ఇళ్ళలో రోజూ పిలుచుకునే పేరు తెలుగు తెరమీద ఒక 'మలుపు' అయింది.

అద్దె ఇంటికి వెళ్ళి పేరు చెప్పగానే 'ఇప్పుడే వేరేవాళ్ళకి ఇచ్చేశాం' అనిపించుకున్నవాళ్ళం మేం. పేరు దాచుకోవడం మాకు ప్రేమకథ కాదు, బతుకుతెరువు.

మంచిని కాదనం. కాశ్మీర్‌లో మంట ఎవరో రాజేసిందేనని సినిమా చెప్పింది. పాక్ బ్రిగేడియర్ తారిఖ్‌ను మాటకు కట్టుబడే మనిషిగా చూపింది. ఇవి చిన్న సంగతులు కావు. కానీ నవాబులు, సైనికులు, ఉగ్రవాదులు తప్ప మామూలు తెలుగు ముస్లిం ఈ కథలో ఎక్కడ?

1944లో తెరకెక్కడానికి యూసుఫ్ ఖాన్ దిలీప్ కుమార్ కావలసివచ్చింది. 2022లో దుల్కర్ సల్మాన్ సొంత పేరుతోనే రాముడి వేషం కట్టాడు. ప్రేక్షకులు గుండెలకు హత్తుకున్నారు. నటుడు పేరు మార్చుకోనక్కర్లేని కాలంలో నాయికకెందుకు ఈ అవస్థ? ప్రేక్షకులకున్న పెద్దమనసు కథ రాసినవాళ్ళకు లేకపోయింది.

కవరు మీద నూర్జహాన్ అనే రాసి ఉండి, ఆమె కోసమే హాలంతా ఏడ్చే తెలుగు సినిమా రావాలి. వచ్చేదాకా ఈ మాట అంటూనే ఉంటాం.