మతిభ్రమణ నిర్ధారణ – బిడ్డపై హక్కు: స్ట్రిండ్‌బర్గ్ ‘తండ్రి’ నాటక పరిశీలన

స్వీడిష్ నాటకకర్త ఆగస్ట్ స్ట్రిండ్‌బర్గ్ 1887లో రచించిన ‘తండ్రి’ నాటకాన్ని విమర్శకులు ఎక్కువగా రెండు దృష్టులతో చదివారు. స్త్రీద్వేషి అయిన రచయిత తన దాంపత్య కలహాన్ని రంగస్థలం మీదికి ఎక్కించాడన్నది మొదటిది. స్త్రీపురుషుల మనోబలాల మధ్య పోరాటాన్ని సహజవాద పద్ధతిలో చిత్రించిన రచన అన్నది రెండవది. రెండింటికీ నాటకంలో ఆధారాలు లేకపోలేదు. అయితే కథను నడిపేది ఇంతకంటె చాలా చిన్న ప్రశ్న: బెర్తా అనే బాలిక ఎక్కడ పెరగాలి, ఏం చదవాలి, ఆ నిర్ణయం ఎవరిది? ఈ ప్రశ్న మెల్లమెల్లగా తండ్రి మనస్సు సరిగా ఉన్నదా అన్న ప్రశ్నగా మారిపోతుంది. ఆ మార్పును అడుగడుగునా అనుసరించి చదివితే, బిడ్డ సంరక్షణ వివాదాల్లో తల్లిదండ్రుల మానసిక ఆరోగ్యం ఎలా ప్రవేశిస్తుందో ఈ నాటకం చూపినంత సూక్ష్మంగా చూపిన రచనలు అరుదని తెలుస్తుంది.

కథానాయకుడు అశ్వికదళంలో కెప్టెన్. ఉల్కల మీద పరిశోధన చేసే శాస్త్రజ్ఞుడు కూడా. ఆయన ఇంట్లో అత్తగారిది ప్రేతాత్మల నమ్మకం, ఉపాధ్యాయినిది మెథడిస్టు మతం, తనను పెంచిన దాది మార్గరెట్‌ది బాప్టిస్టు మతం. భార్య లారాకు కూతురు చిత్రకారిణి కావాలని కోరిక. ఎవరికి వారు బిడ్డను తమవైపు లాగుతున్న ఈ ఇంటినుంచి ఆమెను పట్టణానికి పంపి, తన కాళ్ల మీద తాను నిలబడగలిగేలా ఉపాధ్యాయ వృత్తికి సిద్ధం చేయాలని కెప్టెన్ సంకల్పం. ఈ ఆలోచనలో ఉన్మాద లక్షణమేదీ లేదు. పట్టణానికి వెళ్లాలని బెర్తాకూ ఉంది. తండ్రి అడిగితే సంతోషంగా ఒప్పుకుంటుంది. బిడ్డ అభీష్టాన్ని సూటిగా అడిగిన సందర్భం నాటకం మొత్తంలో దాదాపు ఇదొక్కటే.

కెప్టెన్ తన సంకల్పం మంచిదని వాదించి ఒప్పించడు. ఆ అవసరం ఆయనకు లేదు. బిడ్డ విషయంలో నిర్ణయాధికారం చట్టరీత్యా తండ్రిది; వివాహంతోనే తల్లి ఆ హక్కును వదులుకున్నదని ఆయన లారాకు తేల్చి చెబుతాడు. ఇక్కడే ఆమెకు ఉన్న దారులన్నీ మూసుకుపోయి ఒక్కటే మిగులుతుంది. బిడ్డకు ఏది మేలు అని వాదించే వేదిక ఆమెకు లేదు. తండ్రి తండ్రి కాడని చెప్పాలి, లేదా తండ్రిగా ఉండటానికి తగడని నిరూపించాలి. నాటకారంభంలో నోయ్డ్ అనే సైనికుడు ఒక పనిమనిషి బిడ్డకు తానే తండ్రినని ఎవరు చెప్పగలరని అడుగుతాడు. హాస్యంగా మొదలైన ఆ ఘట్టం లారా చేతిలో ఆయుధమవుతుంది. బెర్తా తన బిడ్డేనా అన్న సందేహాన్ని ఆమె భర్త మనస్సులో నాటుతుంది. మొదటి దారి రెండవ దారిలో కలిసేలా చేయడం స్ట్రిండ్‌బర్గ్ నిర్మాణ చాతుర్యం: పితృత్వాన్ని శంకించేలా చేసి, ఆ శంకనే ఉన్మాదానికి సాక్ష్యంగా చూపడం.

సాక్ష్యం ఎలా తయారవుతుందన్న విషయంలో నాటకకర్త చూపిన శ్రద్ధ ప్రత్యేకంగా గమనించదగినది. ఊరికి కొత్తగా వచ్చిన డాక్టర్ ఎస్టర్‌మార్క్‌తో ముందుగా మాట్లాడేది లారాయే. తన భర్త సూక్ష్మదర్శినిలో చూసి ఇతర గ్రహాల సంగతులు చెబుతున్నాడని ఆమె ఫిర్యాదు. డాక్టర్ విచారించగా అది సూక్ష్మదర్శిని కాదు, వర్ణపటాన్ని పరిశీలించే స్పెక్ట్రోస్కోప్ అని తేలుతుంది. అటువంటి పరిశోధన ఉన్మాదం కాదు సరికదా, శాస్త్రానికి సేవ అని ఆయన రెండవ అంకంలో ఒప్పుకుంటాడు. ఒక మనిషికి పిచ్చి అని ముద్ర వేస్తే కుటుంబ హక్కులూ పౌరహక్కులూ పోతాయి కనుక జాగ్రత్తగా ఉండాలని హెచ్చరిస్తాడు కూడా. అంటే వైద్యుడు మూర్ఖుడూ కాదు, అమ్ముడుపోయినవాడూ కాదు. కెప్టెన్ తెప్పించుకునే పుస్తకాలు రాకపోవడానికి కారణం లారా ఉత్తరాలను దారిలోనే ఆపడం. తనపై కుట్ర జరుగుతున్నదన్న ఆయన అనుమానం ఈ మేరకు వాస్తవమే. వాస్తవమైన అనుమానాన్ని కూడా రోగలక్షణంగా చదవవచ్చునన్నది విమర్శకులు తగినంత పట్టించుకోని అంశం.

రెండవ అంకం చివర లారా తన చేతిలోని చివరి ఆధారాన్ని బయటపెడుతుంది. తన మతి తప్పుతున్నదేమోనని కెప్టెన్ స్వయంగా ఒక వైద్యుడికి రాసిన పాత ఉత్తరం అది. సహాయం కోరి రాసిన ఉత్తరం నేరాంగీకారంగా మారుతుంది. మానసిక వేదనతో వైద్యుని ఆశ్రయించినవారికి సంరక్షణ వివాదంలో ఆ ఆశ్రయించడమే శత్రువవుతుందన్న భయం నేటి తల్లిదండ్రులకూ అపరిచితం కాదు. ఈ ఘట్టంలోనే ఆయన వెలుగుతున్న దీపాన్ని భార్యమీదికి విసురుతాడు. మూడవ అంకంలో డాక్టర్ చేసే తర్కం మరింత కలవరపెడుతుంది. జరిమానాతో వదిలేస్తే మళ్లీ హింసకు దిగుతాడు. చెరసాలకు పంపితే త్వరలోనే తిరిగి వస్తాడు. కనుక ఉన్మాదిగా పరిగణించడమే అందరికీ మేలని ఆయన నిర్ణయం. రోగనిర్ధారణ ఇక్కడ వైద్య నిర్ణయం కాదు, పాలనా సౌకర్యం.

అంతమాత్రాన కెప్టెన్‌ను నిర్దోషియైన బాధితుడిగా చదవటం నాటకాన్ని తేలిక చేయడమే. తల్లిమీద దీపం విసిరావా అని బెర్తా అడుగుతుంది. ఆయన దాన్ని తేలికగా తీసుకోగా, అలా మాట్లాడేవాడు నా తండ్రి కాడని ఆ పిల్ల అమాయకంగా అంటుంది. ఆమెకు తెలియని గాయం మీద పడిన మాట అది. ఆ తర్వాత ఆయన చేయి గోడకున్న తుపాకి వైపు వెళుతుంది. అందులో తూటాలు ముందే తీసివేయబడి ఉండటం వల్ల మాత్రమే ప్రమాదం తప్పుతుంది. కనుక చివరికి బిడ్డకు అపాయం నిజమే. మొదటి అంకంలో లేని అపాయం మూడవ అంకానికి ఎలా వచ్చిందన్నదే ప్రశ్న. బిడ్డ కోసం జరిగిన పోరాటమే దాన్ని పుట్టించింది. ఆ పోరాటపు రూపాన్ని నిర్ణయించింది చట్టం.

ఈ చట్టరూపం స్వీడన్‌కు పరిమితం కాదు. నాటకం వెలువడిన మూడేళ్లకు బ్రిటిష్ ఇండియాలో వచ్చిన 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం మైనరు సంక్షేమాన్ని 17వ సెక్షనులో పేర్కొన్నది. కాని 19వ సెక్షను ప్రకారం తండ్రి జీవించి ఉండి, న్యాయస్థానం అభిప్రాయంలో అనర్హుడు కానంతవరకు మరొకరిని సంరక్షకులుగా నియమించరాదు. అనర్హత అన్న ఒక్క మాటే తల్లికి మిగిలిన ద్వారం. ఆ సెక్షనులో తండ్రి పక్కన తల్లి చేరింది 2010 సవరణతోనే. 1956 నాటి హిందూ మైనారిటీ అండ్ గార్డియన్‌షిప్ చట్టం బిడ్డ సంక్షేమమే ప్రధానమని 13వ సెక్షనులో చెప్పినా, 6వ సెక్షనులో తండ్రి తర్వాతనే తల్లిని ఉంచింది. గీతా హరిహరన్ కేసులో 1999లో సుప్రీంకోర్టు ఆ ‘తర్వాత’ను ‘లేనప్పుడు’ అని వ్యాఖ్యానించి తల్లికి న్యాయం చేసింది. అయితే తండ్రి లేనట్టుగా భావించదగిన సందర్భాల్లో ఆయన మానసిక అశక్తత కూడా ఒకటి. బతికి ఉన్నవాణ్ణి లేనివాడిగా లెక్కించడమన్న భావన, కెప్టెన్ అంతిమ స్థితిని చదివినవారిని ఒక్క క్షణం ఆపుతుంది.

భారతీయ న్యాయస్థానాలు ఈ మాటల పట్ల అప్రమత్తంగా లేవని చెప్పడం సరికాదు. వ్యాధి పేరు ఉన్నంతమాత్రాన చాలదు, దాని తీవ్రత చూడాలని 1988లోనే ఒక విడాకుల కేసులో సుప్రీంకోర్టు పేర్కొన్నది. ఆంధ్రప్రదేశ్‌కు చెందిన ఒక వైద్య దంపతుల వివాదంలో 2013లో ఇదే దృష్టి కొనసాగింది. భార్యకు స్కిజోఫ్రీనియా ఉన్నదన్న ఆరోపణకు ఎదురుగా, ఆమె పైచదువు పూర్తిచేసి ప్రభుత్వ వైద్యురాలిగా పనిచేస్తూ ఉండటాన్ని న్యాయస్థానం లెక్కలోకి తీసుకున్నది. ఇవి సంరక్షణ తీర్పులు కావు. కాని నిర్ధారణ పత్రానికీ, మనిషి దైనందిన జీవితానికీ మధ్య ఉన్న దూరాన్ని గుర్తించినవి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మరో అడుగు ముందుకు వేసింది. చికిత్సాలయంలో ఉన్న తల్లినుంచి మూడేళ్లలోపు బిడ్డను సాధారణంగా వేరుచేయరాదన్నది. తెలుగులో మాత్రం ‘మతిస్థిమితం లేని’ అన్న విశేషణం రోగాన్నీ, అనర్హతనూ ఒకే మాటలో కలిపి వేస్తుంది. ఈ నాటకాన్ని తెలుగుచేయదలచినవారికి అసలైన చిక్కు బహుశా అక్కడే.

స్ట్రిండ్‌బర్గ్ పక్షపాతాన్ని దాచవలసిన పనిలేదు. తల్లికి హక్కు లేకపోవడాన్ని స్పష్టంగా చూపినవాడే, ఆ లేమిని అనుభవించే స్త్రీకి కుటిలత్వం తప్ప అంతరంగం పెద్దగా ఇవ్వలేదు. కెప్టెన్ శోకానికి దొరికిన భాష లారా భయానికి దొరకలేదు. 1891లో ఆయనకూ సిరి ఫాన్ ఎసెన్‌కూ విడాకులై పిల్లలు తల్లివద్దనే ఉండిపోయారన్న జీవిత విశేషాన్ని ఈ లోపానికి వివరణగా చూపేవారున్నారు. కాలక్రమం దానికి ఒప్పుకోదు. నాటకం ముందు, విడాకులు తర్వాత.

చివరి దృశ్యంలో దాది మార్గరెట్ చిన్ననాటి ముచ్చట్లు చెబుతూ, పసివాడికి తొడిగినట్టే చేతులు బిగించే అంగీని కెప్టెన్‌కు తొడుగుతుంది. ఆయన కుప్పకూలగానే బెర్తా తల్లి దగ్గరికి పరుగెత్తుతుంది. ఆమె తన బిడ్డేనని లారా ప్రకటిస్తుంది. పాస్టరు ఆమెన్ పలుకుతాడు. పట్టణం మాట ఎవరూ ఎత్తరు.