అడగడం ఆపిన క్షణంలో

వియన్నాలోని స్పానిష్ రైడింగ్ స్కూల్లో కొత్తగా చేరినవాళ్ళ చేతికి మొదట్లో పగ్గాలివ్వరు. కాళ్ళకి రికాబులూ ఉండవు. శిక్షకుడు గుర్రానికి పొడవాటి తాడు కట్టి తన చుట్టూ గుండ్రంగా తిప్పుతుంటాడు. పైనున్న శిష్యుడు కాళ్ళు కిందికి వదిలేసి, ఖాళీ చేతులతో, కూర్చోవడం ఒక్కటే నేర్చుకుంటాడు. నెలల తరబడి ఇదే పాఠం. అతని కింద ఉన్నది మాత్రం విద్యంతా పూర్తిచేసి, ఏళ్ళ తరబడి ప్రదర్శనల్లో పాల్గొన్న పెద్ద వయసు మగగుర్రం. ముసలి గుర్రం కుర్ర రౌతుకి నేర్పాలి, ఆరితేరిన రౌతు కుర్ర గుర్రానికి నేర్పాలి అన్నది అక్కడి నియమం. ఏమీ తెలియని ఇద్దర్ని జతచేస్తే ఇద్దరూ పాడవుతారని వాళ్ళు ఎప్పుడో గ్రహించారు.

ఆ స్కూలు ఉనికికి మొదటి ఆధారం 1565 నాటిది. ఆస్ట్రియా రాజవంశం తన గుర్రాల కోసం 1580లో లిపిజ్జా అనే ఊళ్ళో అశ్వశాల పెట్టింది. ఇప్పుడది స్లొవేనియాలో ఉంది. ఆ ఊరి పేరే జాతికి స్థిరపడింది: లిపిజ్జానర్. శిక్షణ జరిగే శ్వేతమందిరాన్ని ఆరో చార్లెస్ చక్రవర్తి కట్టించాడు, 1735లో పూర్తయింది. ఇప్పటికీ రౌతులు లోపలికి రాగానే గోడమీది ఆయన చిత్తరువు వైపు టోపీ తీసి వందనం చేస్తారు. ఈ విద్యని యునెస్కో 2015లో మానవజాతి వారసత్వాల జాబితాలో చేర్చింది. ఇంత పేరున్న చోట 2008 దాకా ఒక్క ఆడపిల్లని కూడా శిష్యురాలిగా తీసుకోలేదన్నది చెప్పుకోక తప్పని సంగతి. ఓర్పూ, మృదువైన చేయీ, మనసు చదవగల నేర్పూ కావలసిన విద్యకి సగం మానవజాతిని అంతకాలం దూరంగా ఉంచారంటే నష్టం ఎవరిదో వేరే చెప్పాలా?

ప్రదర్శనల కన్నా ఉదయపు అభ్యాసమే చూడదగ్గదని నా అభిప్రాయం. టికెట్ కొనుక్కుని ఎవరైనా వెళ్ళి కూర్చోవచ్చు. గంట తిరక్కుండానే కొందరు లేచి వెళ్ళిపోతారు, ఏమీ జరగడం లేదనిపించి. గుర్రం నడుస్తుంది, ఆగుతుంది, మళ్ళీ నడుస్తుంది. ఓ మూల చిన్న వలయం తిరుగుతుంది. ఉన్నట్టుండి రౌతు పగ్గాలు పూర్తిగా వదిలేస్తాడు, గుర్రం మెడ చాచి ముక్కు కిందికి దించి బుస్సుమని గాలి వదులుతుంది. కోటు వెనక తోకలో కుట్టిన జేబులోంచి ఒక పంచదార ముక్క తీసి దాని నోటికందిస్తాడు. చూసేవాడికి పని మధ్యలో విరామంలా కనిపించే ఆ క్షణం దగ్గరే ఈ విద్య అంతా ఉంది.

గుర్రానికి మనం మాటలతో చెప్పలేం. ఒత్తిడితో అడుగుతాం. పిక్కతో డొక్క మీద చిన్న ఒత్తిడి, వేళ్ళు బిగించి పగ్గం మీద చిన్న ఒత్తిడి, నడుం నిటారు చేసి వీపు మీద కొంచెం బరువు. చాలామంది గుర్రం ఒత్తిడి వల్ల నేర్చుకుంటుందనుకుంటారు. అది నేర్చుకునేది ఒత్తిడి తీసేసినప్పుడు. ఏ పని చేయగానే పిక్క మెత్తబడిందో, ఏ పని చేయగానే వేళ్ళు సడలాయో, అదే తన నుంచి కోరిన పని అని దానికి తెలుస్తుంది. అర సెకను ఆలస్యంగా వదిలితే ఆ తర్వాత చేసిన ఇంకేదో పనిని సరైనదనుకుంటుంది. అసలే వదలకపోతే ఏం చేసినా ఒకటేనన్న నిర్ణయానికొచ్చి, తోలు మొద్దుబారినట్టు ఊరుకుంటుంది. ఈగ వాలితే చర్మం ఆడించి తరిమే ప్రాణికి మడమతో పదేపదే తన్నితే గానీ కదలని స్థితి వచ్చిందంటే, ఆ మొద్దుతనం ఎవరో నేర్పిన పాఠమే.

ఓర్పు అనగానే మనం పళ్ళు బిగించి భరించడం అనుకుంటాం. రౌతుకి పనికొచ్చే ఓర్పు వేరు. అడగడం, సమాధానం కోసం ఆగడం, సమాధానంలో నలుసంత ప్రయత్నం కనిపించినా వెంటనే వదిలేయడం. ఇది కండరాలతో చేసే పని, అభ్యాసంతోనే వస్తుంది. బిగించడం ఎవరికైనా వచ్చు. సమయానికి వదలడం నేర్చుకోవడానికే ఏళ్ళు పడుతుంది.

హాఫ్ హాల్ట్ అని ఒక ప్రక్రియ ఉంది. గుర్రం నడుస్తూ ఉండగానే, ఆపకుండా, దాని బరువుని వెనక్కి తెచ్చే సంకేతం. గుర్రం స్వతహాగా తన బరువులో ఎక్కువ భాగం ముందరికాళ్ళ మీదే మోస్తుంది. పైన మనిషి కూర్చుంటే ఆ భారం ఇంకా పెరుగుతుంది. ఏళ్ళ తరబడి అలాగే తిరిగితే ముందరికాళ్ళు చెడతాయి. అందుకని వెనకకాళ్ళు పొట్ట కిందికి వచ్చి బరువు పంచుకునేలా చేయాలి. రౌతు ఊపిరి వదిలి నడుం నిలబెడతాడు, పిక్కలు డొక్కని తాకి ఉంటాయి, బయటివైపు పగ్గం మీద వేళ్ళు ఒక్కసారి మూసుకుని తెరుచుకుంటాయి. అంతే. చూసేవాడికి ఏమీ కనపడదు. కానీ వేళ ముఖ్యం. వెనకకాలు నేల వదిలే క్షణంలో అడిగితేనే ఆ కాలు ఇంకాస్త ముందుకి పడుతుంది. బరువు మోస్తూ నేలమీద నిలిచినప్పుడు అడిగి ప్రయోజనం లేదు. మరి వెనక ఏ కాలు ఎప్పుడు లేస్తోందో, వెనక్కి తిరిగి చూడకుండా తెలియడం ఎలా? వెనకకాలు ముందుకి వచ్చేటప్పుడు గుర్రం వీపు ఆ పక్కన కొద్దిగా కుంగుతుంది, రౌతు పిరుదు ఆ పక్కన కిందికి దిగుతుంది. పగ్గాలూ రికాబులూ లేకుండా కూర్చున్న ఆ నెలల్లో శిష్యుడు పట్టుకునేది ఈ ఎరుకనే. చేతిలో పగ్గముంటే మనసంతా చేతుల్లోకి పోతుంది. కూర్చున్న చోటి నుంచి వచ్చే కబురు వినపడదు.

ఈ ఆలోచన వియన్నాది మాత్రమే అనుకోనక్కర్లేదు. క్రీస్తుకి పూర్వం నాలుగో శతాబ్దంలోనే, సోక్రటీస్ శిష్యుడూ సైనికుడూ అయిన గ్రీకు రచయిత జెనొఫోన్ గుర్రపు స్వారీ మీద చిన్న పుస్తకం రాశాడు. కోపంతో గుర్రం దగ్గరికి వెళ్ళవద్దన్నాడు. దేన్నయినా చూసి బెదిరితే కొట్టవద్దు, కొడితే ఆ వస్తువుతో పాటు దెబ్బ భయం కూడా దాని మనసులో కలిసిపోతుందన్నాడు. బలవంతాన చేయించిన కదలికలో అందం ఉండదని కూడా చెప్పాడు. ఆయన యుద్ధానికి గుర్రాలు కావలసిన మనిషి. సుకుమారం కోసం ఈ మాటలు చెప్పలేదు, భయపడే గుర్రం రణరంగంలో ప్రాణం తీస్తుందని తెలిసి చెప్పాడు.

పద్దెనిమిదో శతాబ్దంలో పారిస్‌లోని తూలెరీ అశ్వశాలని నడిపిన లా గెరినియేర్ ఆ మాటకి ఒక శాస్త్రపద్ధతి ఇచ్చాడు. ఆయన గ్రంథం 1733లో వెలువడింది, వియన్నా స్కూలు ఇప్పటికీ దాన్నే ప్రమాణంగా పెట్టుకుంది. షోల్డర్ ఇన్ అనే కసరత్తుని నేటి రూపానికి తెచ్చింది ఆయనే. గోడ వెంట వెళుతున్న గుర్రం భుజాలని కొంచెం లోపలికి తెస్తే, లోపలి వెనకకాలు శరీరం మధ్యకి, బయటి కాలికి ముందుగా పడుతుంది. అలా ప్రతి అడుగులో ఆ కాలు కొంచెం వంగి బరువు ఎత్తుకోవడం అలవాటవుతుంది. గుర్రానికి నేర్పే పాఠాల్లో మొదటిదీ చివరిదీ ఇదేనని ఆయన అభిప్రాయం. అదే పుస్తకంలో మరో సంగతి ఉంది. గుర్రం తన బరువుని వెనకకాళ్ళ మీదికి తెచ్చి చెప్పినట్టు చేయగానే రౌతు చెయ్యి కిందికి దించి పగ్గం సడలించాలట. అలా సడలించినా గుర్రం అదే భంగిమలో సాగితే అది నేర్చుకున్నట్టు, కూలబడితే ఇంతసేపూ దాన్ని చేతులు మోసినట్టు. శిక్షణని పరీక్షించడానికి ఇంతకన్నా నిజాయితీ గల పద్ధతి నాకు తెలియదు.

కుర్ర లిపిజ్జానర్ నాలుగేళ్ళ వయసులో స్కూలుకి వస్తుంది. దాని చదువు ఆరేళ్ళు. మొదటి ఏడాది తిన్నగా, హాయిగా, మెడ చాచుకుని నడవడం, ట్రాట్, గాలప్. అంతకుమించి ఏమీ అడగరు. ఆ తర్వాత వలయాలు, పక్కనడకలు. చివరి దశకి చేరాకే ఉన్నచోటే కదను తొక్కడం, వెనకకాళ్ళు బాగా వంచి ముందుభాగాన్ని పైకెత్తి నిలిచే లెవాడ్, గాలిలోకి ఎగిరి వెనకకాళ్ళు బారుగా చాచే కాప్రియోల్. ఆ ఎగురుళ్ళు అన్ని గుర్రాలకీ నేర్పరు. ఏది దేనికి మొగ్గుతుందో చూసి దానికదే నేర్పుతారు, మొగ్గనిదాన్ని ఒత్తరు. ఈ గుర్రాలు నల్లగానో ముదురు గోధుమ రంగులోనో పుట్టి, ఆరు నుంచి పదేళ్ళ వయసుకి తెల్లబడతాయి. అంటే ప్రదర్శనలో కనిపించే తెల్ల గుర్రమంటే చదువు పూర్తయిన గుర్రమని దాదాపు అర్థం.

ఆరేళ్ళు ఎందుకన్న ప్రశ్నకి ఎముకలు జవాబు చెబుతాయి. గుర్రం వెన్నెముకలోని పెరుగుదల కణజాలం పూర్తిగా గట్టిపడేది అయిదారేళ్ళ వయసుకి. కాళ్ళ ఎముకలు అంతకు ముందే గట్టిపడతాయి గనుక చూపుకి అది పెద్ద గుర్రంలానే ఉంటుంది. మనం జీను వేసి కూర్చునేది మాత్రం ఆఖరున ముదిరే వెన్నెముక మీద. రౌతు చదువు ఇంకా పొడుగు. శిష్యుడిగా నాలుగు నుంచి ఆరేళ్ళు. ఆపైన సహాయ రౌతుగా ఒక కుర్ర గుర్రాన్ని మొదటి పాఠం నుంచి ప్రదర్శన దాకా తానే తీసుకురావాలి. అన్నీ కలిపి పూర్తి రౌతు కావడానికి ఎనిమిది నుంచి పన్నెండేళ్ళు.

ఇన్నేళ్ళలో మారేది రౌతే. గుర్రం మంద జంతువు, వేటకి గురయ్యే జంతువు. పక్కనున్న ప్రాణి ఒంట్లో బిగువు కనబడితే ప్రమాదం ఉందని దాని పూర్వీకులకి తెలుసు. అందుకే ఆఫీసులో జరిగిన గొడవని తలలో మోసుకుని జీనెక్కితే దానికి తెలిసిపోతుంది. తొడలు బిగుస్తాయి, ఊపిరి పైపైనే ఆడుతుంది, గుర్రం అడుగు కురచవుతుంది. రౌతు దాన్ని మొండితనమనుకుని ఇంకా బిగిస్తాడు. ఈ చక్రాన్ని తెంచగలిగింది ఇద్దరిలో ఒక్కరే. ఆ స్కూలుకి పాతికేళ్ళ పాటు అధిపతిగా ఉండి, రెండో ప్రపంచ యుద్ధంలో గుర్రాల్ని కాపాడుకున్న అలోయిస్ పొధాయ్‌స్కీ తన స్వీయచరిత్రలో గుర్రాల్నే తన గురువులుగా చెప్పుకున్నాడు. గుర్రం ఏదైనా తప్పు చేస్తే ముందు తనలో లోపం వెతుక్కోవాలన్నది ఆయన పద్ధతి. 1936 బెర్లిన్ ఒలింపిక్స్‌లో ఆయనకి కాంస్యం తెచ్చిన నీరో అనే గుర్రం లిపిజ్జానర్ కూడా కాదు, రేసుల్లో రాణించని థరోబ్రెడ్.

నీరో కథ మనకి దగ్గరగా వస్తుంది. హైదరాబాద్‌లో మలక్‌పేట రేసు గుర్రాలు ఈ జాతివే. ప్రపంచంలో చాలాచోట్ల రేసుల పద్ధతి ఒకటే, రెండేళ్ళ వయసుకే జీను. పరుగు తగ్గాక వాటిలో కొన్ని రైడింగ్ స్కూళ్ళకి చేరతాయి. జాకీ పగ్గం బిగిస్తే కళ్ళెం మీద ఆనుకుని ఇంకా దూసుకుపోవడమే వాటికి నేర్పిన పాఠం. అలాంటి గుర్రం మీద కొత్తగా ఎక్కిన పిల్లవాడు భయపడి పగ్గాలు గుంజితే, పాపం అది తన చదువు ప్రకారం వేగం పెంచుతుంది. గుర్రం పొగరుబోతని పేరు పడుతుంది. నిజానికి దానికి కొత్త భాష నేర్పాలి. నడకలో చాలా వలయాలు, వేళ్ళు మూసి వెంటనే తెరవడం, ఊపిరి వదలగానే ఆగితే మెడ నిమరడం. ఒక్క గుర్రానికి నెలలు పడుతుంది. దాన్ని రోజూ పదిమంది పిల్లల చేత గుంజించే స్కూల్లో ఆ నెలలు ఎప్పటికీ రావు.

వియన్నా మందిరం మనకి అక్కర్లేదు, చక్రవర్తుల అశ్వశాలలూ అక్కర్లేదు. ఓపికున్న శిక్షకుడు, పొడవాటి తాడు, నిదానంగా నడిచే వయసు మళ్ళిన గుర్రం ఉంటే ఆ మొదటి పాఠం ఎక్కడైనా చెప్పవచ్చు. పిల్లల్ని రైడింగ్‌కి చేర్చే తల్లిదండ్రులు సాధారణంగా మావాడు గాలప్ ఎప్పుడు చేస్తాడని అడుగుతారు. నన్నడిగితే అడగవలసినవి వేరే ఉన్నాయి: పగ్గాలు లేకుండా తాడు మీద ఎన్నాళ్ళు కూర్చోబెడతారు? ఈ గుర్రం రోజుకి ఎంతమందిని మోస్తుంది? దీనికి మొదటిసారి జీను వేసింది ఏ వయసులో?