పాట ఎవరిది? ‘ఎస్పీబీ 50’ విదేశీ పర్యటన నేపథ్యంలో సినిమాపాట యాజమాన్యం – ఒక విమర్శ

వ్యాససంగ్రహం:
గాయకుడు ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం స్వర్ణోత్సవ ప్రపంచ పర్యటన సందర్భంగా 2017 మార్చిలో తలెత్తిన వివాదం తెలుగు సినిమాపాట మీద ఎవరికి ఎంత హక్కు ఉందన్న ప్రశ్నను ముందుకు తెచ్చింది. ఆ ప్రశ్నను గాయకుడికీ స్వరకర్తకూ మధ్య తగవుగా చూడటం వల్ల గీతకర్త మరుగున పడ్డాడని, సభాగానాన్ని ప్రత్యేక పాఠ్యంగా పరిశీలించే అవకాశం కూడా చేజారిందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. తెలంగాణ ఆశ్రిత కళారూపాల్లోని మిరాసీ వ్యవస్థను ఇందుకు పోలికగా స్వీకరించడం జరిగింది.

కీలకపదాలు: సినిమాపాట, సభాగానం, గీతకర్త, కాపీరైట్, మిరాసీ, ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం.

1. ప్రవేశిక:
పాశ్చాత్య పాప్ సంగీతంలో విదేశీ పర్యటనకు ఒక స్థిరమైన క్రమం ఉంది. గాయకుడు కొత్త ఆల్బమ్ విడుదల చేస్తాడు. దాన్ని శ్రోతల్లోకి తీసుకుపోవడానికి నగరం తర్వాత నగరంలో కచేరీలు చేస్తాడు. కొత్త పాట పర్యటనకు కారణమవుతుంది. తెలుగులో ఈ క్రమం తలకిందులుగా కనిపిస్తుంది. ఇక్కడ ఆల్బమ్ స్థానంలో ఉండేది సినిమా. పాటను ప్రజల్లోకి తీసుకుపోయే పని సినిమాయే చేస్తుంది. అందువల్ల గాయకుడు విదేశాలకు వెళ్లినప్పుడు శ్రోత ఆయన నుంచి ఆశించేది పాత పాటనే. 1971లో ఘంటసాల ఐరోపా, అమెరికాలలో చేసిన కచేరీల నుంచి నేటి ప్రవాస సంఘాల వేదికల వరకు ఇదే తీరు. ఇంటికి దూరమైన శ్రోతకు ఆ పాట పోగొట్టుకున్న ఊరికి ప్రతినిధి. పర్యటనకు పెట్టుబడి జ్ఞాపకమే. ఆ జ్ఞాపకం ఎవరి సొత్తు అన్నదే ఈ వ్యాసంలోని మూలప్రశ్న.

2. పర్యటన – నోటీసు:
ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం తొలి సినిమాపాట 1966 డిసెంబరు 15న రికార్డయింది. ఎస్.పి. కోదండపాణి సంగీతం కూర్చిన ‘శ్రీశ్రీశ్రీ మర్యాద రామన్న’ చిత్రం మరుసటి ఏడు విడుదలైంది. ఐదు దశాబ్దాల ఆ ప్రస్థానాన్ని పురస్కరించుకొని ఆయన కుమారుడు ఎస్.పి. చరణ్ ‘ఎస్పీబీ 50’ పేరుతో పర్యటనను రూపొందించారు. 2016 ఆగస్టులో టొరంటోలో మొదలైన ఈ పర్యటన రష్యా, శ్రీలంక, మలేషియా, సింగపూర్, దుబాయ్‌ల మీదుగా సాగి 2017 మార్చికి అమెరికా చేరింది. అక్కడ ఇళయరాజా తరఫు న్యాయవాది నుంచి నోటీసులు వచ్చాయి. అనుమతి లేకుండా ఇళయరాజా స్వరపరచిన పాటలు పాడరాదన్నది వాటి సారాంశం. బాలసుబ్రహ్మణ్యంతో పాటు చిత్ర, చరణ్, నిర్వాహకులు, సభాస్థలాల యాజమాన్యాలు కూడా వాటిని అందుకున్నట్లు ఆయనే ఫేస్‌బుక్‌లో వెల్లడించారు. చట్టం అదే అయితే పాటిస్తానని, ఆ పాటలు పాడకుండానే కచేరీలు కొనసాగిస్తానని, ఈ విషయంలో ఎవరూ పరుషంగా మాట్లాడవద్దని కూడా ఆయన కోరారు.

పరుష వాక్యాలు ఆగలేదు. పాటకు ప్రాణం పోసినవాడికి పాడే హక్కు లేదా అన్నవారు ఒకవైపు, బాణీ లేనిదే గొంతు ఏం చేస్తుందన్నవారు మరొకవైపు నిలిచారు. ‘సాగరసంగమం’ (1983), ‘రుద్రవీణ’ (1988) చిత్రాలకు ఇద్దరికీ జాతీయ పురస్కారాలు వచ్చాయి. అంటే గానాన్నీ స్వరరచననూ వేర్వేరు కళలుగా గుర్తించి గౌరవించిన సంప్రదాయం అప్పటికే మనకు ఉంది. చర్చ మాత్రం ఆ రెంటిలో ఏది పెద్దది అన్న తరాజు దగ్గరే ఆగిపోయింది.

3. చట్టం పాటను విడదీసిన తీరు:
శ్రోతకు పాట ఒక్కటే. చట్టానికి అది కనీసం నాలుగు: సాహిత్యరచన, సంగీతరచన, ధ్వనిముద్రణ, గాయకుడి ప్రదర్శన. 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రదర్శకుడిని హక్కుదారుగా గుర్తించలేదు. ప్రతిఫలమిచ్చి రాయించుకున్న, స్వరపరిపించుకున్న పాటకు వేరే ఒప్పందం లేనప్పుడు నిర్మాతే తొలి యజమాని అని సుప్రీంకోర్టు 1977లో తీర్పు చెప్పింది. గాయకుడికి చట్టంలో చోటు లేకపోవడాన్ని జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్ ఆ సందర్భంలోనే ఎత్తిచూపారు. 1994 సవరణ ప్రదర్శకుల హక్కును చేర్చింది. 2012 సవరణ ఆ హక్కును విస్తరించింది. సినిమాహాలులో చిత్రంతో పాటు ప్రదర్శించినప్పుడు తప్ప, ఇతర వినియోగాలపై రాయల్టీలో సమాన వాటా పొందే హక్కును గీతకర్త, స్వరకర్త వదులుకోవడానికి వీలులేకుండా కూడా చేసింది.

ఇక్కడ ఒక సూక్ష్మాన్ని గమనించాలి. ప్రదర్శకుడి హక్కు తన గానాన్ని ఇతరులు రికార్డు చేసుకోవడాన్ని, ప్రసారం చేయడాన్ని నియంత్రించే హక్కు. తాను ఒకప్పుడు పాడిన పాటను మళ్లీ సభలో పాడటానికి అది అనుమతిపత్రం కాదు. పైగా అమెరికా గడ్డ మీది ప్రదర్శనకు అక్కడి చట్టమే వర్తిస్తుంది. కాబట్టి గాయకుడిపై అభిమానం ఎంత గొప్పదైనా, టికెట్లు అమ్మిన సభకు అది మినహాయింపు కాజాలదు.

భారతీయ చట్టం మినహాయింపులను వేరేచోట ఇచ్చింది. మతపరమైన వేడుకలకు, వివాహ ఊరేగింపు సహా పెళ్లి సంబంధమైన ఉత్సవాలకు సెక్షన్ 52 వెసులుబాటు కల్పించింది. అల్లాదుర్గంలో పెళ్లి బరాత్ ముందు బ్యాండు మేళం ఇళయరాజా పాట వాయిస్తే తప్పుకాదు. అదే పాట అసలు గాయకుడు టికెట్టు పెట్టి పాడితే అనుమతి కావాలి. పైకి వింతగా తోచే ఈ తేడాలో ఒక వివేకం ఉంది. పాట బతుకులో కలిసిపోయిన చోటును చట్టం వదిలిపెట్టింది. సరుకుగా మారిన చోట లెక్క అడిగింది.

4. రెండు పోలికలు:
4.1 మిరాసీ: తెలంగాణ పల్లెల్లో కథాగానం చేసే ఆశ్రిత కళాకారులకు పర్యటనే జీవనం. మాదిగలకు చిందువారు, పద్మశాలీలకు కూనపులివారు, ముదిరాజులకు కాకిపడగలవారు తరతరాలుగా కథ చెబుతున్నారు. వీరికి హక్కు ఊళ్ల మీద ఉంటుంది. దాన్నే మిరాసీ అంటారు. ఆస్తి పంపకాల్లో అన్నదమ్ములు ఊళ్లను పంచుకుంటారు. ఒకరి మిరాసీ ఊరిలో మరొకరు ఆడితే తగవు వస్తుంది. జాంబపురాణం నాది, నువ్వు చెప్పకూడదు అని మాత్రం ఎవరూ అనరు. అక్కడ కథ అందరిది, శ్రోత మాత్రం వాటాకు వచ్చినవాడు. కాపీరైట్ వ్యవస్థలో శ్రోత ఎవరికైనా దొరుకుతాడు, పాటకే యజమాని ఉంటాడు. ‘ఎస్పీబీ 50’ వివాదంలో అభిమానులు తెలియకుండానే మిరాసీ న్యాయం మాట్లాడారు. నోటీసు కాపీరైట్ న్యాయం మాట్లాడింది. ఆ సంభాషణ కుదరకపోవడానికి ఇదొక ముఖ్యకారణమని నా అభిప్రాయం.

ఐతే మిరాసీని ఆదర్శంగా చూపడం నా ఉద్దేశం కాదు. అది కులవ్యవస్థలో పుట్టిన కట్టుబాటు. ఆశ్రితుడికి అది భరోసా, సంకెల కూడా. అయినా ప్రదర్శకుడికి బతుకుదెరువు హామీ ఇవ్వాలన్న స్పృహ అందులో ఉంది.

4.2 టేలర్ స్విఫ్ట్: తన తొలి ఆరు ఆల్బమ్‌ల మాతృకలు 2019లో ఇతరుల చేతికి పోయినప్పుడు ఈ అమెరికన్ గాయని వాటిలో నాలుగింటిని 2021–23 మధ్య మళ్లీ పాడి విడుదల చేసింది. ఆ పాత, కొత్త పాటలన్నింటినీ కలిపి 2023 మార్చి నుంచి 2024 డిసెంబరు వరకు 149 కచేరీల ‘ఎరాస్ టూర్’ నిర్వహించింది. 2025లో మాతృకలను కొనుక్కుంది. ఇది ఆమెకు సాధ్యపడటానికి కారణం ఆ పాటల రచనలో ఆమె భాగస్వామి కావడమే. ధ్వనిముద్రణ చేజారినా రచనపై హక్కు మిగిలింది. తెలుగు నేపథ్యగాయకుడికి రచన మీదా హక్కు లేదు, ధ్వనిముద్రణ మీదా యాజమాన్యం లేదు. యాభై ఏళ్లు పాడినా పాడుకోవడానికి తనదంటూ ఒక పాట లేని స్థితి ఇది. అభిమానుల ఆవేశం వెనుక ఉన్న నిజం ఇదే.

5. కనిపించని మూడోవాడు:
ఈ చర్చలో సాహిత్య విద్యార్థిని ఎక్కువగా కలవరపెట్టాల్సింది గీతకర్త లేకపోవడం. ‘సాగరసంగమం’, ‘గీతాంజలి’ (1989) పాటల రచయిత వేటూరి సుందరరామమూర్తి. వివాదం నాటికి ఆయన మరణించి దాదాపు ఏడేళ్లు. సిరివెన్నెల సీతారామశాస్త్రి అప్పటికి జీవించే ఉన్నారు. పాట రాయల్టీ ఎవరికి, అనుమతి ఎవరిని అడగాలి అన్న వాదనలు రెండు పేర్ల చుట్టూనే తిరిగాయి. చట్టం గీతకర్తను స్వరకర్తతో సమానంగా నిలబెట్టిన ఐదేళ్లకు కూడా సమాజపు ఊహలో ఆయనకు కుర్చీ పడలేదు. 2024 ఏప్రిల్‌లో ఇళయరాజా పాటల హక్కుల కేసు విచారణలో, సాహిత్యం లేనిదే పాట లేదు కదా, గీతకర్త కూడా హక్కు కోరితే ఏమిటని మద్రాసు హైకోర్టు ధర్మాసనం ప్రశ్నించింది. సాహిత్య విమర్శ అడగవలసిన ప్రశ్నను న్యాయస్థానం అడిగింది. సినిమాపాటను సాహిత్యంగా అంగీకరించాలా వద్దా అన్న మీమాంసలో మనం చాలాకాలం గడిపాం. ఆ తాత్సారానికి గీతకర్త మూల్యం చెల్లించాడు.

6. సభాగానం – పాఠ్యభేదం:
ప్రాచీన కావ్యానికి తాళపత్ర ప్రతుల మధ్య పాఠభేదాలు చూస్తాం. సినిమాపాటకు ఆ ప్రతుల స్థానంలో సభాగానాలు ఉంటాయి. రికార్డులో ఒకసారి పలికిన మాటను వేదిక మీద గాయకుడు నిలిపి, నవ్వి, మరో సంగతితో తిరిగి పలికినప్పుడు అర్థంలో కదలిక వస్తుంది. ‘పాడుతా తీయగా’ వేదికగా పదోచ్చారణనూ సాహిత్యార్థాన్నీ పట్టి పట్టి వివరించిన బాలసుబ్రహ్మణ్యం గానానికి ఇది మరింత వర్తిస్తుంది. ఈ కోణంలో చూస్తే గాయకుడు పాటకు వ్యాఖ్యాత. మూలం మీద మల్లినాథుడికి యాజమాన్యం లేదు. అలాగని మల్లినాథుడు లేకుండా కాళిదాసును చదివే తరాలూ తక్కువే. గాయకుడికి ఇవ్వవలసిన గౌరవం ఈ స్థాయిది. యజమాని అనడం ఎంత అతిశయోక్తో, గొంతు అరువిచ్చినవాడు అనడం అంత అన్యాయం.

7. ముగింపు:
1. టికెట్టు పెట్టిన సభ నుంచి స్వరకర్త వాటా కోరడం న్యాయం. అయితే ఆ కోరిక పాటను నిలిపివేసేదిగా కాక, ప్రతిఫలాన్ని పంచేదిగా ఉండాలి. చెల్లించవలసినది కూడా నిర్వాహకుడే.
2. ఆ వాటాలో గీతకర్తకు, అతని వారసులకు సమానస్థానం ఉందన్న సంగతి ప్రతి చర్చలో మొదట రావాలి.
3. సభాగానాల రికార్డులను, పర్యటనల కార్యక్రమ పట్టికలను తెలుగు శాఖలు పరిశోధన సామగ్రిగా సేకరించాలి. ఏ పాటను ఏ దేశపు శ్రోత ఎన్నిసార్లు అడిగాడన్నది ప్రవాస తెలుగు సాంస్కృతిక చరిత్రలో భాగం.

2019 జూన్ 2న చెన్నైలో జరిగిన ఇళయరాజా కచేరీలో బాలసుబ్రహ్మణ్యం మళ్లీ ఆ పాటలు పాడారు. 2020 సెప్టెంబరు 25న కన్నుమూశారు. ఇద్దరు మిత్రుల మధ్య విషయం అలా సర్దుకుంది. ప్రశ్న మాత్రం సర్దుకోలేదు. పాడేవాడికి, కూర్చేవాడికి, రాసేవాడికి ఒకే పాటలో మూడు చోట్లు ఉన్నాయని చూపవలసిన బాధ్యత విమర్శ మీద ఇంకా మిగిలే ఉంది.