వంతగొంతుకు వొకోడర్: బాగేపల్లి తత్వగానాన్ని గురించి ఒక పరిశీలన

సరిహద్దు తెలుగును గురించి రాసేవారు సాధారణంగా శాసనాలను, జానపద గేయాలను, మాండలిక పదాలను పరిశీలిస్తారు. ఈ వ్యాసంలో మేము ఒక యంత్రాన్ని, అది తెలుగు మాటకు చేసే మేలును, కీడును పరిశీలించదలచుకున్నాము.

బాగేపల్లి, చింతామణి ప్రాంతాల్లో కైవారం నారాయణప్ప తత్వాలు విననివారు అరుదు. నాదబ్రహ్మానంద నారేయణకవిగా తన్ను తాను చెప్పుకున్న ఆ యోగి తెలుగులోను, కన్నడంలోను రచనలు చేశాడు. తంబూర, తాళాలు, చిడతలు, ఒక ముందుగొంతు, దాన్ని అందుకొనే వంత ఉంటే తత్వగానానికి చాలు. ఇప్పుడు వీటి పక్కన కంప్యూటరు కూడా చేరింది. బాగేపల్లిలో ఒక ఇంటి మిద్దెగదిలో అలా తయారైన తత్వం ఒకటి మేము విన్నాము. గొంతు మనిషిదే కాని, కీబోర్డు వాయిద్యం నోరు తెరిచి మాట్లాడుతున్నట్టుగా ఉంది. తయారుచేసిన అబ్బాయి దాన్ని వొకోడర్ అన్నాడు. తత్వాలన్నీ నోటికి వచ్చిన అతని అవ్వ శ్రద్ధగా విని, “పాట బాగుండాది గానీ మాట యాడికి పోయిందప్పా?” అన్నది. ఈ వ్యాసానికి మూలం ఆ ప్రశ్నే.

యంత్రాలు పాటను చెడగొడుతున్నాయని ఒక్కమాటలో తేల్చివేయడం సులభం. అయితే అది విమర్శ కాదు, విసుగు మాత్రమే. హార్మోనియం భజనల్లోకి కొత్తగా వచ్చినదే. మైకూ అంతే. ఏ యంత్రమైనా మాటలో దేన్ని నిలుపుతుంది, దేన్ని పోగొడుతుంది అని విడదీసి చూడడమే విమర్శకుని పని.

మన ప్రాచీన శిక్షాకారులు మాట పుట్టుకను చెబుతూ నాదాన్ని, శ్వాసాన్ని వేరు చేశారు. కంఠంలో పుట్టే ధ్వని ఒకటి, నోటిలో నాలుక, పెదవులు దానికి ఇచ్చే ఆకారం మరొకటి. గున్నార్ ఫాంట్ 1960లో ప్రకటించిన గ్రంథంలో ఈ రెండింటి సంబంధాన్ని ఆధునిక ధ్వనిశాస్త్ర పరిభాషలో గణితబద్ధంగా నిరూపించాడు. వొకోడర్ ఈ విభజన మీదనే నడుస్తుంది. గాయకుని ధ్వనిని అది అనేక ఫిల్టర్ల ద్వారా సన్నని పట్టీలుగా చీల్చి, ఏ పట్టీలో ఎంత బలం ఉన్నదో క్షణక్షణం కొలుస్తుంది. ఆ కొలతలను మరొక ధ్వనికి, అంటే సింథసైజరు స్వరానికి, తొడుగుతుంది. నోటి ఆకారం గాయకునిది, కంఠనాదం యంత్రానిది. ఆ రెండో ధ్వనిని ఇక్కడ వాహకధ్వని అంటాము.

దీనిని 1997లో వచ్చిన ఆటోట్యూన్‌తో కలిపి మాట్లాడేవారు చాలామంది ఉన్నారు. అవి రెండూ ఒకటి కావు. ఆటోట్యూన్ గాయకుని నాదాన్నే ఉంచి, దాని స్థాయిని సరిదిద్దుతుంది. వొకోడర్ ఆ నాదాన్నే తీసివేస్తుంది.

దీని చరిత్రలో ఒక వైచిత్రి ఉంది. అమెరికాలో బెల్ ప్రయోగశాలల్లో హోమర్ డడ్లీ దీనిని రూపొందించింది సంగీతం కోసం కాదు, తక్కువ తంతిమార్గంలో ఎక్కువ మాటలు పంపడం కోసం. 1943లో వాషింగ్టన్, లండన్‌ల మధ్య రహస్య సంభాషణలకు వాడిన సిగ్‌సాలీ యంత్రంలో మాట ఆకారాన్ని పది పట్టీలుగా విడగొట్టి పంపేవారు. గొంతు ఎవరిదో గుర్తుపట్టడం కష్టమైనా మాట తెలిస్తే చాలు. సంగీతానికి వచ్చేసరికి ఈ లెక్క తిరగబడింది. 1971లో ‘ఎ క్లాక్‌వర్క్ ఆరెంజ్’ చిత్రసంగీతంలో వెండీ కార్లోస్, 1974లో ‘ఆటోబాన్’లో క్రాఫ్ట్‌వెర్క్ బృందం దీనిని వాడినప్పుడు శ్రోతలను ఆకర్షించింది ఆ వింతగొంతే. మాటను కాపాడడానికి పుట్టిన యంత్రం గొంతుకు అలంకారమైంది.

ఇక తెలుగు మాటకు ఇది ఏమి చేస్తుందో చూద్దాం. ముందుగా గుణం చెప్పాలి. తెలుగు అజంతభాష. అచ్చుల గుర్తింపు నోటి ఆకారంలో ఉంటుంది కాబట్టి వొకోడర్ వాటిని చక్కగా నిలుపుతుంది. మరొక విశేషం: “వచ్చాడు”కు “వచ్చాడా”కు గల భేదం స్వరం ఎత్తడంలో మాత్రమే లేదు, చివరి అచ్చులోనే ఉంది. కంఠస్వరం పోయినా ప్రశ్న నిలుస్తుంది. తత్వాల్లో గురువు శిష్యుణ్ణి అడిగే ప్రశ్నలు ఎన్నో. వాటిని యంత్రం కూడా అడగగలదు.

దోషాలు హల్లుల దగ్గర మొదలవుతాయి. పరుషాలు కంఠనాదం లేకుండా పుడతాయి. వాహకధ్వని ఎడతెగని నాదమైతే వాటికి కూడా ఆ నాదమే అంటుకుంటుంది. త, ద అనిపిస్తుంది. ప, బకు దగ్గరవుతుంది. ద్రుతం లేకపోయినా యంత్రం సరళాదేశం చేస్తుందన్నమాట! శ, ష, సలకు కావలసిన పై పౌనఃపున్యాల గాలిధ్వని సింథసైజరు స్వరంలో చాలదు. వాహకధ్వనిలో కొంత శ్వేతరవాన్ని కలపడం, లేదా వొకోడర్‌లో శ్వాసధ్వనుల కోసం ఉండే మీటను పెంచడం దీనికి మందు. మేము విన్న పాటలో ఆ మీట సున్నాలో ఉంది.

రెండవది ల, ళల భేదం. ళ పలికేటప్పుడు నాలుక వెనుకకు మడుచుకోవడం వల్ల మూడవ ఫార్మంటు దిగుతుంది. పట్టీలు పది, పన్నెండు మాత్రమే ఉంటే ఈ కదలిక ఒకే పట్టీలో పడి మాయం కావచ్చు. అప్పుడు కల, కళ ఒకటే. పట్టీలను ఇరవైనాలుగుకో, ముప్పైకో పెంచితే భేదం చాలావరకు తిరిగి వినిపిస్తుంది. అయితే పట్టీలు పెంచినకొద్దీ యంత్రపు వింతదనం తగ్గుతుంది. అందుకే కుర్రవాళ్లకు పది పట్టీలే ఇష్టం.

మూడవది ద్విత్వం. గడికి, గడ్డికి ముఖ్యమైన తేడా నాలుక ఎంతసేపు ధ్వనిని మూసి ఉంచిందన్నదే. వొకోడర్‌లో ధ్వని తగ్గుముఖం పట్టే కాలాన్ని ఎక్కువ చేస్తే ముందు అచ్చు తోక ఆ నిశ్శబ్దంలోకి పాకి దాన్ని నింపివేస్తుంది. గడ్డి కాస్తా గడి అవుతుంది. ఆ కాలాన్ని ఇరవై, ముప్పై మిల్లీసెకండ్లకు కుదిస్తే ద్విత్వం బతుకుతుంది. ద్విత్వాలన్నీ ఒకే తీరుగా చెడవు. బాగేపల్లి అనే మాటలోని ల్ల మూతపడని ధ్వని, కాబట్టి అది ఎంత అలుకు పట్టినా నిలుస్తుంది.

నాలుగవది భాషకు కాక రాగానికి సంబంధించినది. కీబోర్డు మీద నొక్కిన మెట్టే వాహకస్వరం. గాయకుడు ఎంత జారుడు పాడినా, ఎంత గమకం వేసినా యంత్రం వినదు. వాహకస్వరాన్ని వంచే చక్రంతో కొంత సాధించవచ్చు గాని, ఆ శ్రమకు ఓర్చేవారు తక్కువ.

ఈ సవరణలకు ఖరీదైన సామగ్రి అక్కరలేదు. ఉచితంగా దొరికే ఆడాసిటీలో మాటను ఎడమవైపు, వాహకధ్వనిని కుడివైపు ఉంచి, రెండింటిని ఒక స్టీరియో ట్రాకుగా కలిపి వొకోడర్‌ను నడపవచ్చు. రీపర్‌లో, ఎఫ్‌ఎల్ స్టూడియోలో ఇంతకంటె సూక్ష్మమైన మీటలున్నాయి. మైకును నోటికి దగ్గరగా ఉంచాలి, ఫ్యాను ఆపాలి, గొంతు హెచ్చుతగ్గులను ముందే కంప్రెసర్‌తో సమం చేయాలి. లేకపోతే ఫ్యాను చప్పుడు కూడా శ్రుతిలో పాడుతుంది.

ఇన్ని సరిచేసినా అవ్వ ప్రశ్న మిగిలే ఉంటుంది. కారణం సాంకేతికం కాదు, సామాజికం. ఇక్కడ తెలుగు ఇంటిభాష, కన్నడం బడిభాష. తత్వం మాటలు తెలియాలంటే చాలామంది పిల్లలకు తెలుగు పుస్తకం ఆధారం కాదు, చెవే ఆధారం. రాసుకోవలసి వస్తే కన్నడ లిపిలో రాసుకుంటారు. ముద్రిత పాఠం చేతిలో ఉన్న శ్రోత యంత్రం మింగిన అక్షరాన్ని కంటితో పూరించుకుంటాడు. చెవిమీదనే బతికే భాషకు ఆ అవకాశం లేదు. అక్కడ పోయిన అక్షరం పోయినట్టే. 2025లో కర్ణాటక మంత్రిమండలి ఈ ఊరికి భాగ్యనగర అనే పేరును ఆమోదించినప్పుడు పేరులోని తెలుగును గురించి చర్చ జరిగింది. పాటలోని తెలుగు ఏ ఆమోదమూ అక్కరలేకుండా ఒక్కొక్క హల్లుగా జారిపోగలదని మా ఆందోళన.

అయితే వొకోడర్‌ను మానుకోమని మేము చెప్పము. దాని చోటు మార్చమంటాము. తత్వగానం తనంతట తానే ఒక దారి చూపుతున్నది. ముందుగొంతు చరణాన్ని చెబుతుంది, వంత పల్లవిని తిరిగి అంటుంది. వంత అనేది అప్పటికే విన్న మాట. ఒకసారి మనిషిగొంతులో స్పష్టంగా విన్నదాన్ని యంత్రం రెండవసారి కొంత మసకగా అన్నా శ్రోత జ్ఞాపకం దాన్ని పూరిస్తుంది. కాబట్టి ముందుగొంతును ముట్టకూడదు. వొకోడర్‌ను వంతకు పరిమితం చేయాలి. వాహకధ్వనిగా పాశ్చాత్య స్వరసమూహాలకు బదులు తంబూర శ్రుతిని ఉంచాలి. వంత ఒకే శ్రుతిలో నడుస్తుంది, నిజమే. బాణీని ముందుగొంతు అప్పటికే నిలిపింది కాబట్టి నష్టం స్వల్పం. లాభం మాత్రం పెద్దది. శ్రుతి ఇచ్చి ఊరుకునే తంబూర తానే మాట అందుకుంటుంది. నాదమే బ్రహ్మమని నమ్మిన కవి పాటకు ఇది అపచారం కాదనుకుంటాము.

ఆ అబ్బాయికి ఇదే చెప్పాము. అతను చరణాలను మామూలు గొంతులో మళ్లీ పాడి, పల్లవి వంతకు మాత్రం వొకోడర్ ఉంచి, తంబూర శ్రుతి మీద నడిపాడు. శ్వాసధ్వనుల మీట పెంచాడు. అవ్వ ఈసారి ప్రశ్న వేయలేదు. రెండవ వంతకు తానూ గొంతు కలిపింది.