కర్మన్‌ఘాట్ గాథ - రామదాసు కీర్తన : విశ్వాస స్వరూప విచారము

హైదరాబాదు నగరమునకు తూర్పున దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి. నగర్ పేటల చేరువను కర్మన్‌ఘాట్ ఆంజనేయాలయము కలదు. ఔరంగజేబు ఈ గుడిని కూల్ప వచ్చెననియు, భీకరధ్వని వినవచ్చి అతని చేతి గునపము జారెననియు, ముందు మనస్సు గట్టిచేసికొనుమని అశరీరవాణి హిందీలో పలికెననియు, ఆ పలుకులనుండియే ఊరి పేరు పుట్టెననియు స్థలగాథ. ఇట్లు ఒక వాక్యమునుండి ఊరి పేరునకు పుట్టుక చెప్పుట గాథలకు పరిపాటి. దీనిని చరిత్రకు సాక్ష్యముగా గొనరాదు. దైవవిశ్వాసమునకు ప్రజ లిచ్చుకొన్న రూపముగా మాత్రము ఇది విచారణీయము.

గోలకొండ 1687లో మొగలుల వశమయ్యెను. అంతకుముందు తానీషా ఏలుబడిలో (1672-1687) కంచెర్ల గోపన్న చెఱసాల పాలయ్యెను. సర్కారు సొమ్ముతో భద్రాద్రిరామునకు గుడి కట్టించెనన్నది అతనిపై మోపిన నేరము. ఇది మతవైరము గాదు, పైకము తగవు. ఆ ప్రభువు కొలువున నున్న అక్కన్న మాదన్నలు గోపన్నకు మేనమామలనియే ప్రతీతి.

కర్మన్‌ఘాట్ గాథలో బాధపడు భక్తుడు లేడు. ఆపద గుడికి వచ్చినది; మాటలాడినవాడు దేవుడు. 'ఇక్ష్వాకు కులతిలక' కీర్తనలో ఇందుకు విపరీతము. రాముడు పలుకడు. గోపన్న ఒక్కొక్క నగకు వెచ్చించిన మొత్తమును వరుసగా లెక్కచెప్పి, దేవుని తండ్రిని, మామను సైతము తగవులోనికి ఈడ్చును. తుదకు దెబ్బల బాధచే తిట్టితినని మన్నింపు వేడును.

దీనిని నిందాస్తుతి యని పేర్కొని ఊరకుండుట చాలదని మా అభిప్రాయము. నిందాస్తుతిలో నింద పైపూత మాత్రమే. ఇచట నింద నిజమైనది. అందుకు కారణమైన నొప్పిని కవియే చెప్పుకొనుచున్నాడు. అయినను అతడు లెక్క యడుగునది రామునినే. లేడనుకొన్నవానిని ఎవ్వడును లెక్క యడుగడు గదా! పోతన గజేంద్రుడు సైతము దేవుని ఉనికినే శంకించి, పిమ్మట శరణు జొచ్చెను. కాబట్టి మన భక్తికవిత్వమున శంకయు, కోపమును విశ్వాసమునకు వెలుపలివి కావు.

రామలక్ష్మణులు పైకము చెల్లించి గోపన్నను విడిపించిరన్న కథ మనకు ముందే తెలియును. అందుచే మనము కీర్తనను ఆ కథ చివరనుండి చదువుచున్నాము. కాని కీర్తనలో విడుదల లేదు. పాడినవానికి మరునాటి సంగతి తెలియదు. విడుదలయే విశ్వాసమునకు రుజువైనచో, చెఱలోనే కన్నుమూసిన బందీల విశ్వాసము వట్టిదనవలసి వచ్చును. అట్లనుటకు మేమొప్పము.

స్థలగాథలో మనస్సు గట్టిచేసికొనుమన్న హెచ్చరిక శత్రువును గూర్చినది. గోపన్న పాటను చదివిన పిమ్మట, అది భక్తునికే ఎక్కువ అవసరమని తోచుచున్నది. రామదాసు కృతులను పరిశోధించువారు విడుదల కథను కొంత తడవు ప్రక్కనుంచి, ఆ చీకటిగదిలోని మాటలను మాటలుగానే విని తూచవలెనని మా మనవి.