తెర మీది అక్షరం నుంచి నేల దాకా: మారియా ఫెరెంచుహోవా కవిత్వం

1993 జనవరి 1న స్లొవేకియా స్వతంత్ర దేశంగా అవతరించింది. కొత్తగా రాజ్యం ఏర్పడిన చిన్న జాతి తన కవుల నుంచి జాతి గళాన్ని ఆశించడం సహజం. ఆ తరువాతి దశాబ్దంలో తొలి సంపుటిని వెలువరించిన మారియా ఫెరెంచుహోవా మాత్రం ఆ ఉన్నత పీఠాన్ని కోరుకోలేదు. 1975లో బ్రాటిస్లావాలో జన్మించిన ఆమె చలనచిత్ర రచనను స్వదేశంలోను, భాషాశాస్త్రాన్ని పారిస్‌లోను అభ్యసించారు. ఫ్రెంచి నుంచి అనువాదాలు చేస్తూ, బ్రాటిస్లావాలోని ప్రదర్శన కళల అకాడమీలో చలనచిత్ర అధ్యాపకురాలయ్యారు.

ఈ మూడు వృత్తుల సంగమం 2003 నాటి తొలి సంపుటి 'స్క్రితే తితుల్కి' పేరులోనే గోచరిస్తుంది. వినికిడి లేని ప్రేక్షకుల కోసం, కోరినప్పుడు మాత్రమే తెర మీద కనిపించే అక్షరాలకు స్లొవాక్ భాషలో ఉన్న పేరది. ఆ అక్షరాలు రాసేవారు తమ మాట చెప్పరు. ఇతరులకు వినబడనిదాన్ని అందిస్తారు. అనువాదకుని ధర్మమూ ఇంచుమించు అదే. కవి కూడా అంతటి వినయంతో నిలబడగలడా అన్నదే ఈ కవిత్వం లేవనెత్తే ప్రశ్న.

తరువాతి సంపుటాల శీర్షికలు శాస్త్ర పరిభాష నుంచి వచ్చినవి కావడం గమనార్హం. 'అనిశ్చితత్వ సూత్రం' (2008) భౌతికశాస్త్రానిది. 'అంతరించిపోతున్న జాతి' (2012) జీవశాస్త్రానిది. 'రోగనిరోధక శక్తి' (2016) వైద్యశాస్త్రానిది. నల్లరేగడిని తలపించే సారవంతమైన నేలకు పేరైన 'చెర్నొజెం' (2020) మృత్తికాశాస్త్రానిది. తెర మీద మొదలైన చూపు దేహం మీదుగా మట్టిలోకి దిగింది.

కణం స్థానాన్ని ఎంత కచ్చితంగా నిర్ణయిస్తే దాని ద్రవ్యవేగం అంత అనిశ్చితమవుతుందన్నది 1927లో హైజెన్‌బర్గ్ ప్రతిపాదించిన సూత్రం. చలనచిత్రాన్ని బోధించేవారికి ఈ చిక్కు కొత్త కాదు. చిత్రాన్ని నిలిపి చూస్తే వివరం దక్కుతుంది, కదలిక పోతుంది. 2009లో వెలువడిన 'ఆలస్యమైన కాలం' అన్న అర్థమిచ్చే గ్రంథంలో ఆమె డాక్యుమెంటరీ చిత్రాన్ని, చరిత్ర రచనను కలిపి చర్చించడం ఈ చింతనకు అనుబంధమే.

అయితే ఈ సంయమనానికి ఒక ప్రమాదం ఉంది. రోగం, మరణం వస్తువులైన చోట నిష్పాక్షికమైన చూపు నిర్దయగా మారవచ్చు. కవిత వైద్య నివేదిక కావచ్చు. కానీ కవి కన్నీరు పెడితే పాఠకునికి మిగిలే పని తక్కువ. రెండు దృశ్యాలను పక్కపక్కన నిలిపి, వాటి నడుమ అర్థాన్ని ప్రేక్షకునికే వదలివేయడం చలనచిత్ర కూర్పు నేర్పిన పాఠం. చెప్పనిదాని ద్వారా స్ఫురింపజేయడాన్నే ధ్వని అన్న భారతీయ ఆలంకారికులకు ఇది అపరిచితమైన మార్గం కాదు.

2018లో 'టైడల్ ఈవెంట్స్' పేరిట ఆమె కవితల ఆంగ్లానువాదం వెలువడింది. ఇతరుల మాటలను తన భాషలోకి మోసిన చేతికి, తన మాటలు మరొక భాషలోకి సాగిపోవడం ఉచితమైన ప్రతిఫలం. జాతి గళం కావాలని కోరని కవి గళం జాతి హద్దులు దాటి వినబడటమే ఇందులోని విశేషం.